ఫుట్ ప్యాడ్ మీద నల్ల మరక

పొద్దున మందుల షాపుకి వెళ్తే కౌంటర్ మీద మళ్లీ అవే కనిపించాయి, డిటాక్స్ ఫుట్ ప్యాడ్స్ అంట, రాత్రి పడుకునేముందు అరికాళ్లకి అంటించుకుంటే తెల్లారేసరికి ఒంట్లో విషాలన్నీ లాగేస్తాయని డబ్బా మీద రాసుంది, ఏ విషాలో మాత్రం ఎక్కడా లేదు. బీపీ మాత్రలు అమ్మే చోటే ఇవీ పెడితే జనం మందే అనుకోరా మరి? నాకు ఒళ్లు మండేది అక్కడే.

మా పిన్ని ఇప్పటికే వాడుతోంది. సాయంత్రం వెళ్తే రాత్రి పెట్టుకున్న ప్యాడ్ దాచి మరీ చూపించింది, ముదురు గోధుమ రంగు, జిగట జిగటగా, పొగ వాసన. "చూడవే ఎంత చెత్త బయటికొచ్చిందో" అంది. నేనేం వాదించలేదు, కొత్త ప్యాడ్ ఒకటి తీసి ప్లేట్లో పెట్టి గోరువెచ్చని నీళ్లు కాసిని చుక్కలు వేశా. తెల్లటి పొడి కాస్తా చూస్తుండగానే గోధుమ రంగుకి తిరిగింది, అంచులు నల్లబడ్డాయి, అదే జిగట, అదే వాసన. దాన్ని ఏ కాలూ తాకలేదు.

అందులో ఉండే వుడ్ వినిగర్ అంటే బొగ్గు తయారుచేసేటప్పుడు వచ్చే పొగని చల్లార్చి తీసే ద్రవం, ఆ వాసన దాందే. తడి తగిలితే పొడి రంగు మారుతుంది, అరికాళ్లకి రాత్రంతా చెమట పడుతుంది, అంతే సంగతి. అమెరికాలో ఇలాంటి ప్యాడ్లు అమ్మినవాళ్ల మీద, జనాన్ని మోసపు అమ్మకాల నుంచి కాపాడే అక్కడి ప్రభుత్వ సంస్థ ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2009లోనే కేసు వేసింది, 2010లో కోర్టు వాళ్ల అమ్మకాలు ఆపించింది కూడా. ఒంట్లో వ్యర్థాలు తీసే పని లివర్‌ది, కిడ్నీలది. కిడ్నీలు రోజుకి దాదాపు 180 లీటర్లు వడపోస్తాయి, అందులో లీటరున్నరో రెండు లీటర్లో మూత్రంగా వదిలి మిగతాదంతా మళ్లీ రక్తంలోకే పంపేస్తాయి. చెమట ముఖ్యంగా ఒళ్లు చల్లబడ్డానికి.

డబ్బులు పోతే పోయాయి, నా భయం అది కాదు. పిన్నికి షుగర్, కాళ్లలో స్పర్శ బాగా తగ్గింది. ఎడమ మడమ దగ్గర టేపు అంటుకున్న గీత వెంబడే చర్మం ఎర్రగా కందిపోయి ఉంది, వేలితో నొక్కితే "ఏం తెలీట్లేదే" అంది. షుగర్ ఉన్నవాళ్ల కాలికి చిన్న పుండు పడితే ఎంత దూరం వెళ్తుందో తలుచుకుంటేనే గుండె ఆగిపోతోంది. పైగా ప్యాడ్ మరక కొంచెం తగ్గుతోందట, అంటే లోపల శుభ్రమైపోతున్నట్టేనని కిడ్నీ టెస్టులు వాయిదా వేసుకుంటూ వస్తోంది!

"పొద్దున లేస్తే హాయిగా ఉంటోందే మరి" అంది. ఉండొచ్చు, నేను కాదనలేదు, కానీ కిడ్నీలు ఎలా పనిచేస్తున్నాయో తెలిపే క్రియాటినిన్ రక్తంలో ఎంతుందో ఆ మరక చెప్పదు పిన్నీ అని చెప్పా. చాలాసేపు మాట్లాడాక సోమవారం రక్తం, యూరిన్ టెస్టులకి వస్తానంది. డాక్టర్‌కి ఆ మడమ కూడా చూపించాలి. ప్యాడ్లు పారేయడానికి ఇంకా ఒప్పుకోలేదు గానీ అప్పటిదాకా ఏ కాలికీ పెట్టుకోనని మాటిచ్చింది.