ఏ ఆయుధంతో పోల్చి భద్రమంటున్నాము?

మా పిన్ని కొడుకును రెండు నెలలకొకసారి మదనపల్లె నుండి బెంగళూరులోని నిమ్హాన్స్ మానసిక వైద్యశాలకు పిలిపించుకొని, డాక్టరుకు చూపించి, మందులు తీసుకొని సాయంత్రం బస్సు ఎక్కించడం ఎనిమిదేళ్ళుగా నా బాధ్యత. ఒకసారి మెజెస్టిక్ బస్టాండులో నేను నీళ్ళసీసా కొని తిరిగి వచ్చేసరికి, వాడు స్టీలు క్యారియరును తలపైకెత్తి పట్టుకొని, చుట్టూ మూగినవాళ్ళను దగ్గరకు రావద్దని అరుస్తున్నాడు. అప్పటికే అక్కడికి చేరిన కానిస్టేబులు లాఠీని చంకలో పెట్టుకొని, కన్నడ యాస కలిసిన తెలుగులో "ఏమప్పా, ఏ ఊరు నీది? అన్నం తిన్నావా?" అని అడుగుతూ నిలబడ్డాడు. వాడి చెయ్యి కిందికి దిగడానికి పది నిమిషాలు పట్టింది.

పోలీసులకు టేజర్ వంటి విద్యుత్ షాకు ఆయుధాలు ఇస్తే ప్రాణాలు నిలుస్తాయన్న వాదన విన్నప్పుడల్లా నాకు ఆ పది నిమిషాలు గుర్తుకు వస్తాయి.

టేజర్ ట్రిగ్గరు నొక్కితే సన్నని తీగలు కట్టిన రెండు ముళ్ళు ఎగిరి వెళ్ళి ఒంట్లో గుచ్చుకుంటాయి. వాటి గుండా విద్యుత్తు సెకనుకు పంతొమ్మిది సార్లకు దగ్గరగా కొట్టుకుంటూ, సాధారణంగా 5 సెకన్ల పాటు కండరాలను బిగదీస్తుంది. అందరూ భయపడే 50,000 వోల్టుల అంకెను నేను పట్టించుకోను, ఎందుకంటే ఒంటిని చేరేసరికి అది చాలా తగ్గిపోతుంది, ప్రవహించే కరెంటు కూడా స్వల్పమే. నా భయం వేరే చోట ఉంది. బిగుసుకుపోయిన మనిషి పడిపోయేటప్పుడు చెయ్యి ఆనించుకోలేడు కనుక తల నేరుగా నేలకు తగులుతుంది. ముళ్ళు గుండెకు దగ్గరగా దిగితే ప్రమాదం ఉండవచ్చు కనుకనే, వీలైనంత వరకు ఛాతీకి గురిపెట్టవద్దని తయారీ సంస్థే 2009లో పోలీసులకు సూచించింది.

అమెరికా న్యాయశాఖ పరిశోధనా విభాగం 2011లో వెలువరించిన నివేదిక, ఆరోగ్యంగా, ప్రశాంతంగా, మత్తులో లేకుండా ఉన్న వ్యక్తికి ఈ షాకు వల్ల నేరుగా పెద్ద ప్రమాదం ఉందనడానికి నిర్ణయాత్మకమైన వైద్య ఆధారాలు లేవని చెప్పింది. ఆ మాట నేను నమ్ముతాను. అయితే ప్రశాంతంగా ఉన్న ఆరోగ్యవంతుడి కోసం పోలీసులను ఎవరు పిలుస్తారు?

2007 అక్టోబరులో పోలండు నుండి తల్లి దగ్గరకు బయలుదేరిన రాబర్ట్ జికాన్‌స్కీ, ఇంగ్లీషు ఒక్క ముక్క రాక, కెనడాలోని వాంకూవర్ విమానాశ్రయంలో గంటల తరబడి దారి తెలియక తిరిగాడు. నలుగురు పోలీసులు వచ్చి అర నిమిషమైనా కాకముందే ఆయనపై టేజర్ ప్రయోగించారు, మొత్తం ఐదుసార్లు. ఆయన అక్కడే చనిపోయాడు. ఆ ప్రయోగం సమర్థనీయం కాదని విచారణ కమిషను తేల్చింది. 2023లో ఆస్ట్రేలియాలోని కూమా ఊరి వృద్ధాశ్రమంలో, మతిమరపు వ్యాధితో వాకరు పట్టుకొని నడిచే 95 ఏళ్ళ క్లేర్ నౌలాండ్ చేతిలో మాంసం కోసుకొని తినే కత్తి ఉందని ఒక అధికారి టేజర్ వాడాడు. ఆమె వెనక్కి పడి, తలకు తగిలిన దెబ్బతో వారం రోజులకు మరణించింది. ఈ రెండు చోట్లా టేజర్ లేకపోతే ఎవరైనా తుపాకీ పేల్చి ఉండేవారా? పేల్చేవారని నేను అనుకోలేను. అక్కడ టేజర్ ఆక్రమించింది మాటకూ ఓపికకూ ఉండవలసిన చోటును.

కత్తితో మీదికి దూసుకువస్తున్నవాణ్ణి ఆపడానికి తూటాకు బదులు టేజర్ వాడితే ఒక ప్రాణం నిలుస్తుంది, దాన్ని నేను మనస్ఫూర్తిగా ఒప్పుకుంటాను. అమెరికాలో ప్రతి గస్తీ పోలీసు నడుముకూ తుపాకీ ఉంటుంది కనుక అక్కడ ఆ పోలికకు అర్థముంది. మన వీధుల్లో కానిస్టేబులు చేతిలో ఎక్కువగా ఉండేది లాఠీయే కనుక, ఇక్కడ టేజర్‌ను పోల్చవలసింది లాఠీతో, ఇంకా చెప్పాలంటే ఆ రోజు మా వాడి ముందు నిలబడ్డ కానిస్టేబులు ఓపికతో. మానసిక వ్యాధితో వీధిలో తిరుగుతున్న మనిషిని రక్షణలోకి తీసుకొనే బాధ్యత 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం పోలీసులకే అప్పగించింది.

నన్ను మరింత కలవరపెట్టేది ఠాణా లోపలి గది. అదే పరికరాన్ని ముళ్ళు లేకుండా నేరుగా ఒంటికి ఆనించి కూడా షాకివ్వవచ్చు, అప్పుడది కేవలం నొప్పి పెట్టే సాధనం. లాఠీ దెబ్బ కమిలి కనిపిస్తుంది, ఇది రెండు చిన్న మచ్చలు మాత్రమే మిగల్చవచ్చు. అరెస్టయినవారి ఒంటిమీది గాయాలను నమోదు చేయాలని, 48 గంటలకొకసారి వైద్య పరీక్ష జరగాలని డి.కె. బసు కేసులో సుప్రీంకోర్టు 1996లో ఇచ్చిన ఆదేశాలు కంటికి కనిపించే గాయం మీద ఆధారపడినవి. 2020లో తమిళనాడులోని సాత్తాన్‌కుళం ఠాణాలో జయరాజ్, బెన్నిక్స్ అనే తండ్రీకొడుకులు అనుభవించిన హింస బయటపడటంలో రక్తపు మరకలున్న బట్టలకు ఎంతో పాత్ర ఉంది.

అందువల్ల ఈ ఆయుధం మన రాష్ట్రాల పోలీసులకు ఇవ్వదలిస్తే, తుపాకీ పేల్చడం చట్టబద్ధమయ్యే సందర్భంలోనే, దానికి బదులుగా మాత్రమే వాడాలని నియమం ఉండాలి. ట్రిగ్గరు ఎప్పుడు నొక్కారో, ఎంతసేపు నొక్కారో ఇటువంటి పరికరాలలో నమోదవుతుంది. అరెస్టయిన మనిషిని 24 గంటల లోపు మేజిస్ట్రేటు ముందుకు తీసుకువెళ్ళేటప్పుడు ఆ నమోదు ప్రతి కూడా వెంట ఉండాలి, మరొక ప్రతి అడగకుండానే ఆ ఇంటివాళ్ళ చేతికి, వాళ్ళకు చదవడం వచ్చిన భాషలో అందాలి.