ఫజ్ ఏది, అరుగుదల ఏది

హెవీ సైకెడెలిక్ రాక్ ఎల్పీల్లో గిటార్ కావాలనే చిరిగినట్టు మోగుతుంది. అందుకే అరిగిపోయిన ప్లేటు పెట్టి విన్నా ‘వీళ్ల శైలే ఇంత’ అనుకుని పక్కన పడేస్తారు. బ్లూ చీర్ బ్యాండు 1968లో తెచ్చిన ‘విన్సెబస్ ఎరప్టమ్’ లాంటివాటికి ఇలాగే అన్యాయం జరుగుతుంది.

ఫజ్, అంటే కావాలని తెచ్చే ఆ చిరుగుడు మోత, ఎక్కువగా గిటార్‌కే పరిమితం. గాడి అరిగితే గొంతులో స, ష శబ్దాలూ తాళాల మోతా కూడా బరబరమంటాయి. లోపలి గాడుల్లో ఇది ఇంకా ఎక్కువ. అంచు దగ్గర ముల్లు కింద గాడి సెకనుకు దాదాపు 50 సెంటీమీటర్లు కదిలితే, లేబుల్ దగ్గర 21 మాత్రమే. ఐరన్ బటర్‌ఫ్లై బ్యాండు 17 నిమిషాల పాట ఒక పక్కంతా ఆక్రమించింది కాబట్టి పరీక్షకు అదే మంచిది: మొదలు శుభ్రంగా ఉండి చివర చిరిగితే తప్పు బ్యాండుది కాదు.

బరంపురం, గోపాలపురం వైపు సముద్రపు చెమ్మకు వానాకాలంలో గాడుల్లో బూజు పడుతుంది. నాలుగు పాళ్లు డిస్టిల్డ్ వాటర్, ఒక పాలు ఐసోప్రొపైల్ ఆల్కహాల్, అర లీటరుకు ఒక్క చుక్క గిన్నెల లిక్విడ్ కలిపి, లేబుల్ తడవకుండా గాడి వెంటే గుండ్రంగా తుడవాలి. తర్వాత వట్టి డిస్టిల్డ్ వాటర్‌తో మరోసారి తుడవాలి. సబ్బు మిగిలితే ముల్లుకు జిగురులా పట్టేస్తుంది. నీడలో నిలబెట్టి ఆరబెట్టండి, ఎండలో పెడితే ప్లేటు వంగుతుంది. 78 స్పీడు లక్క ప్లేట్లకు ఆల్కహాల్ తగలనివ్వొద్దు, లక్క కరిగిపోతుంది.

ఎక్కువమంది మోసపోయేది స్పీడు దగ్గర. అమెరికా నుంచి తెచ్చిన పాత టర్న్‌టేబుల్ మోటారు 60 హెర్ట్జ్‌కు చేసింది. ట్రాన్స్‌ఫార్మర్ పెడితే వోల్టేజీ తగ్గుతుంది గానీ ఫ్రీక్వెన్సీ మారదు. మన 50 హెర్ట్జ్ కరెంటు మీద నిమిషానికి 33⅓ చుట్లు తిరగాల్సింది 27.8కి పడిపోతుంది, శ్రుతి మూడు స్వరస్థానాలకు పైగా దిగుతుంది. అసలే నెమ్మదిగా, బరువుగా సాగే సంగీతం, చెవికి అనుమానమే రాదు. దాంతో వచ్చిన స్ట్రోబ్ డిస్కుకు (స్పీడు సరిచూసుకునే గీతల చక్రం) 216 గీతలుంటాయి, మన నియాన్ బల్బు కింద అవి ఆ తప్పు స్పీడులోనే కదలకుండా నిలబడి కనిపిస్తాయి! 180 గీతల డిస్కు వాడండి. దీనికి మందు: మోటారుకు 50 హెర్ట్జ్ పుల్లీ. దాని వ్యాసం పాతదానికి 1.2 రెట్లు ఉండాలి.

ఇవన్నీ సరిచేశాక ‘సిమ్లా బీట్’ 1970, 71 ఎల్పీలు పెట్టండి. సిగరెట్ కంపెనీ పోటీ కోసం షిల్లాంగ్ ఫెంటోన్స్, మద్రాసు కన్ఫ్యూజన్స్ లాంటి కుర్రాళ్లు వాయించిన ఫజ్ అప్పుడు గొంతు నుంచి విడివడి, విడిగా వినిపిస్తుంది.