45 రోజులు ఏం చేశారు?

నేను ఓటేసిన పార్టీ ఓడిపోయినందుకు కాదు నా బాధ. ఫలితాలొచ్చిన రోజు నుంచీ మా పార్టీ నాయకులు ప్రెస్‌మీట్లు పెట్టి ఈవీఎంలలో మోసం జరిగిందన్నారు, మేమూ నమ్మి కనబడ్డ వాళ్లందరితో వాదించాం. మరి కోర్టుకెళ్లారా? 45 రోజుల్లోపు హైకోర్టులో ఎన్నికల పిటిషన్ వేయొచ్చని 1951 నాటి ప్రజాప్రాతినిధ్య చట్టంలోనే ఉంది. ఓట్లలో రెండో, మూడో స్థానంలో నిలిచిన అభ్యర్థులు 7 రోజుల్లో రాతపూర్వకంగా అడిగి, ఖర్చు కడితే 5 శాతం ఈవీఎంలను ఇంజనీర్లతో తనిఖీ చేయించుకోవచ్చని 2024 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు చెప్పింది, ట్యాంపరింగ్ తేలితే ఆ డబ్బు వెనక్కిస్తారు కూడా. మా అభ్యర్థి ఈ రెండూ చేయలేదు. పోనీ, పోలింగ్ ఏజెంట్ల చేతికిచ్చిన ఫారం 17సీ (బూత్‌లో పోలైన ఓట్ల లెక్క) కాపీలనైనా కౌంటింగ్ లెక్కతో పోల్చి చూశారా అంటే అదీ లేదు. మోసం నిజమే అయితే మా ఓటు కోసం ఎందుకు కొట్లాడలేదు, కాకపోతే మాకెందుకు అబద్ధం చెప్పారు? నాకు ఈ ఒక్కదానికి జవాబు కావాలి.