పెట్టెలో మనిషి

సోషియాలజీ మొదటి క్లాసులో మేడమ్ మాకు నిర్వచనాలేవీ రాయించలేదు. బోర్డు మీద ఒక పెట్టె గీశారు. పెట్టె మీద చదరంగం బల్ల, బల్ల వెనక తలపాగా చుట్టుకున్న ఒక బొమ్మ. "1770లో వియన్నాలో కెంపెలెన్ అనే ఆయన మహారాణి మరియా థెరెసా ముందు దీన్ని ఆడించి చూపించాడు. కీ ఇస్తే చాలు, బొమ్మ చెయ్యి కదిలి పావులు జరిపేది. తర్వాత బెంజమిన్ ఫ్రాంక్లిన్ దీనితో ఆడాడు, నెపోలియన్ ఆడాడు. ఎలా ఆడేదో చెప్పండి చూద్దాం" అన్నారు.

స్ప్రింగులన్నాం. అయస్కాంతాలన్నాం. అన్నీ ఓపిగ్గా విని, మేడమ్ ఆ పెట్టె లోపల మోకాళ్లు ముడుచుకుని కూర్చున్న ఒక మనిషిని గీశారు. అతని పక్కన చిన్న కొవ్వొత్తి. జనానికి పెట్టె తలుపులు తీసి పళ్లచక్రాలు చూపించేటప్పుడు ఆ మనిషి పీటతో సహా పక్కకి జారిపోయేవాడట. కొవ్వొత్తి పొగ బొమ్మ తలపాగాలోంచి బయటికి పోయేదట. ఆ వాసన ఎవరూ పసిగట్టకుండా బల్ల మీద వేరే కొవ్వొత్తులు వెలిగించి ఉంచేవారట. "1854లో ఫిలడెల్ఫియాలో కాలిపోయేదాకా ఇది దేశాలు తిరిగింది. ఈ మూడేళ్లూ మనం ఏ యంత్రం గురించి చదివినా ముందు ఒక ప్రశ్న అడుగుదాం. లోపల ఎవరున్నారు?" అని చెప్పి, బోర్డు తుడవకుండానే వెళ్లిపోయారు.

మన పాత విద్యార్థుల సంచికకి ఏదైనా రాయమని అడిగినప్పుడు నాకు ముందు గుర్తొచ్చింది ఆ పొగే.

అప్పట్లో నా నమ్మకం వేరు. టెక్నాలజీ వస్తే పేదరికం దానంతట అదే పోతుందనుకునేదాన్ని. అందుకే ఆర్థికవేత్త రోస్టో పాఠం నాకు అంత బాగా నచ్చింది. 1960లో ఆయన రాసినదాని ప్రకారం ప్రతి దేశం ఐదు దశలు దాటుతుంది. సంప్రదాయ సమాజం నుంచి బయల్దేరి, సన్నాహాలు చేసుకుని, టేకాఫ్ తీసుకుని, పరిణతికి చేరి, చివరికి జనమంతా పుష్కలంగా వస్తువులు వాడుకునే రోజులకి వస్తుంది. అన్ని దేశాలూ ఒకే రన్‌వే మీద వరసలో ఉన్నాయి, ముందున్నవి లేచాయి, వెనకున్నవి రేపు లేస్తాయి అని నా లెక్క. నా పక్కన కూర్చునే అమ్మాయి అస్సలు ఒప్పుకునేది కాదు. తను ఆంద్రే గుండర్ ఫ్రాంక్ అనే ఆర్థికవేత్త వాదాన్ని పట్టుకుని వచ్చేది. వెనకబాటు అనేది మొదటి నుంచీ ఉన్నది కాదు, కొన్ని దేశాలు ముందుకెళ్లిన క్రమంలోనే మిగతావి వెనకబడేలా తయారయ్యాయి అని 1966లోనే ఆయన వాదించాడు. 1974లో వాలర్‌స్టీన్ అనే సోషియాలజిస్టు దాన్ని ఇంకా పెద్దది చేసి, ప్రపంచమంతా ఒకే వ్యవస్థ, అందులో కేంద్రం ఒకటి, అంచులు కొన్ని, మధ్యలో ఊగిసలాడేవి కొన్ని అన్నాడు. బెల్లు కొట్టేదాకా మేమిద్దరం కొట్టుకున్నంత పని చేశాం. మేడమ్ ఎవరి పక్షమూ తీసుకోలేదు. మర్నాడు మాత్రం అందరినీ ప్రపంచ పటం తెచ్చుకోమన్నారు.

ఆ రోజు చెప్పింది టెలిగ్రాఫ్ కథ. 1858లో అట్లాంటిక్ సముద్రం అడుగున తీగ వేశారు. విక్టోరియా రాణి అమెరికా అధ్యక్షుడికి పంపిన 98 మాటల సందేశం చేరడానికి దాదాపు 16 గంటలు పట్టింది. అయినా రెండు ఒడ్డులా జనం సంబరాలు చేసుకున్నారు. మూడు వారాలకే ఆ తీగ మూగబోయింది. 1866లో వేసింది నిలిచింది. "ఉప్పునీళ్లలో రాగి తీగ ఎలా బతికిందే?" అని మేడమ్ నన్నే అడిగారు. నాకు తెలియదు. గట్టాపెర్చా అనే చెట్టు పాలతో చేసిన తొడుగు వల్ల. ఆ చెట్లుండేది మలయా, సుమత్రా, బోర్నియో అడవుల్లో. గాటు పెట్టి తీస్తే పాలు చాలా కొద్దిగా వస్తాయని చెట్లనే నరికేసేవారు. తీగలు పెరిగేకొద్దీ అడవులు పలచబడ్డాయి. "ఇప్పుడు వార్త వెళ్లిన దారి నీలం రంగుతో గీయండి. చెట్టు కూలిన చోట ఎర్ర చుక్క పెట్టండి" అన్నారు. గీశాం. నీలం గీత ఒక్కటీ ఎర్ర చుక్క దగ్గర మొదలవలేదు, అక్కడ ఆగనూ లేదు.

ఆ పటం నా దగ్గర ఇప్పటికీ ఉంది. తర్వాత నేనే దానికి కొన్ని కలిపాను. ఖండాల మధ్య నడిచే ఇంటర్నెట్‌లో 95 శాతానికి పైగా ఇప్పటికీ సముద్రం అడుగున తీగల్లోంచే వెళ్తుంది, ఆకాశంలోంచి కాదు. ఫోన్ బ్యాటరీల్లో వాడే కోబాల్ట్‌లో సుమారు 70 శాతం తవ్వుతున్నది ఒక్క కాంగో ప్రజాస్వామ్య గణతంత్రంలోనే. ఎర్ర చుక్క పెట్టడానికి పటంలో చోటు వెతుక్కోనక్కర్లేదు. రోస్టో మీద నా ఇష్టం ఏ పుస్తకం వల్లో పోలేదు, ఆ రెండు రంగుల పెన్నుల వల్ల పోయింది.

మీడియా యూనిట్ ఇంకో రకంగా గుర్తుంది. "టీవీ చానెల్ అమ్మే సరుకు ఏంటి?" అని అడిగారు. కార్యక్రమాలన్నాం. ప్రకటనలన్నాం. కాదు, చూస్తున్న మీరే సరుకు, మీ చూపుని ప్రకటనదారులకి అమ్ముతారు అని కెనడాకి చెందిన డల్లాస్ స్మైత్ 1977లోనే రాశాడని చెప్పారు. ఆ రోజుల్లో స్మార్ట్‌ఫోన్ లేదు, లైకుల్లేవు. నాకు ఒళ్లు జలదరించింది. ఇంటికెళ్లి టీవీ ముందు కూర్చుంటే తెర నన్ను చూస్తున్నట్టే అనిపించింది.

అదే యూనిట్‌లో చిన్న పాఠం ఒకటుంది, అందరూ పరీక్ష కోసం నాలుగు లైన్లు బట్టీపట్టి వదిలేసింది. 1970లో టిషెనర్, డొనహ్యూ, ఓలియన్ అనే ముగ్గురు చెప్పిన జ్ఞాన అంతరం సంగతి. సమాజంలోకి సమాచారం ఎక్కువగా వచ్చేకొద్దీ తెలిసినవాళ్లకీ తెలియనివాళ్లకీ మధ్య దూరం తగ్గాలి కదా. తగ్గకపోగా పెరగొచ్చు అన్నారు వాళ్లు. చదువు, పరిచయాలు, తీరిక ఉన్నవాళ్లు కొత్త సమాచారాన్ని ముందుగా, ఎక్కువగా పట్టుకుంటారు కాబట్టి. ఇది నా మనసులో బాగా పాతుకుపోయింది. ఇంటర్నెట్ లేనివాళ్లు 2024లో కూడా ప్రపంచంలో 260 కోట్ల మంది ఉన్నారని అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ యూనియన్ లెక్క. కనెక్షన్ ఇస్తే పని అయిపోయినట్టే మాట్లాడేవాళ్లని చూస్తే నాకు ఆ ముగ్గురూ గుర్తొస్తారు. కనెక్షన్ వచ్చాక దానితో ఏం చేయగలరు అన్నది రెండో గోడ. ఆ గోడ బయటికి కనపడదు.

డిగ్రీ అయ్యాక చాలా రోజులు పని దొరకలేదు. చివరికి పని చెప్పింది నా ప్రాణ స్నేహితురాలు కాదు. మన బ్యాచ్‌లో మూడేళ్లలో పది మాటలైనా నాతో మాట్లాడని ఒకబ్బాయి. ఎక్కడో ఎదురుపడి, "మా ఆఫీసులో తీసుకుంటున్నారు, పేరు ఇవ్వనా?" అన్నాడు. సోషియాలజిస్టు మార్క్ గ్రానోవెటర్ పాఠం అచ్చంగా నా మీద జరిగింది. తెలిసినవాళ్ల ద్వారా ఉద్యోగం దొరికినవాళ్లని ఆయన అడిగితే, ఆ మనిషిని తరచూ కలిసేవాళ్లమన్నవారు 16.7 శాతమే. అప్పుడప్పుడు అన్నవారు 55.6 శాతం, ఎప్పుడో ఒకసారి అన్నవారు 27.8 శాతం. దగ్గరివాళ్లకి తెలిసింది మనకీ తెలిసే ఉంటుంది, కొత్త కబురు దూరపు పరిచయం నుంచే వస్తుంది. 1973 నాటి ఆ మాట నిజమే. కానీ దూరపు పరిచయాలన్నీ కూడా పని వెతుక్కునేవాళ్లే అయినవాళ్ల సంగతేంటి? వాళ్లకి కబురు ఎక్కణ్ణుంచి వస్తుంది? అందుకే ఈ సంచికలో మనందరి పేర్ల పక్కన ఏ పని చేస్తున్నామో కూడా వేయమని కమిటీని గట్టిగా అడిగాను.

ఆ అబ్బాయి చెప్పిన పని ఫొటోల మీద డబ్బాలు గీయడం. డ్రైవర్ లేని కార్లకి రోడ్డు నేర్పాలి. ఎక్కడో తెలియని నగరంలో కారుకి బిగించిన కెమెరా తీసిన ఫొటోలు మాకొస్తాయి. ప్రతి మనిషి చుట్టూ, ప్రతి సైకిల్ చుట్టూ మౌస్‌తో డబ్బా గీసి పేరు పెట్టాలి. ఒకరోజు వర్షంలో తీసిన ఫొటోలు వచ్చాయి. జీబ్రా క్రాసింగ్ మీద గొడుగేసుకున్న ఒకామె. గొడుగు కూడా డబ్బాలో కలపాలా, మనిషి వరకే గీయాలా? రూల్స్ కాగితంలో లేదు. నేను మనిషి వరకే గీశాను. వర్షం ఫొటోలు వందలు, అన్నిట్లో గొడుగులే. మర్నాడు మొత్తం బ్యాచ్ రిజెక్ట్ అయింది. ఎందుకో రాయలేదు. రిజెక్ట్ అయినదానికి డబ్బులుండవు.

అలా మూడుసార్లు జరిగింది. చెప్పుకోవడానికి బటన్ ఒకటుంది, నొక్కితే 'మీ అభ్యర్థన అందింది' అని వచ్చేది, అంతే. నా చేతి పనే బాగోలేదనుకున్నాను. రాత్రిళ్లు ఒకటే టెన్షన్. కళ్లు మూసుకుంటే గొడుగులు. ఎవరికైనా చెప్పుకోవాలన్నా సిగ్గేసింది, ఇంత చిన్న పని కూడా సరిగ్గా చేయలేకపోతున్నానని.

తర్వాత మెసేజుల గ్రూపు ఒకటి దొరికింది. మాలాగే అవే ఫొటోలు గీసేవాళ్లది. వేరే దేశాలవాళ్లు కూడా ఉన్నారు. వచ్చీరాని ఇంగ్లిష్‌లో ఒకరు అడిగారు, "గొడుగు కలిపారా, వదిలేశారా?" అని. నలభైకి పైగా జవాబులు వచ్చాయి. కలిపినవాళ్లకి రిజెక్ట్ అయింది, వదిలేసినవాళ్లకీ రిజెక్ట్ అయింది. ఫోన్ పట్టుకుని ఏడ్చేశాను. బాధతో కాదు. 1959లో సోషియాలజిస్టు రైట్ మిల్స్ రాసిన మాటని మేడమ్ మా చేత ఎన్నిసార్లు చెప్పించారో. లక్షమంది ఉన్న ఊళ్లో ఒక్కడికి పని లేకపోతే అది అతని కష్టం, కోట్లమంది పనిచేసే దేశంలో కోటిన్నర మందికి పని లేకపోతే అది సమాజ సమస్య. పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకున్నాను. నలభై జవాబులు చూసేదాకా అది నా గురించేనని తట్టలేదు.

నేను చేసిన పనికి చరిత్ర ఉందని అప్పుడే వెతికి చదివాను. 2005లో అమెజాన్ ఇలాంటి చిన్న చిన్న పనుల కోసం ఒక వేదిక తెరిచి, ఆ చదరంగం యంత్రం పేరే పెట్టింది, మెకానికల్ టర్క్ అని. కంప్యూటర్లకి బొమ్మలు గుర్తుపట్టడం నేర్పిన ఇమేజ్‌నెట్‌లో కోటీ 40 లక్షలకి పైగా ఫొటోలున్నాయి. వాటిని ఆ వేదిక మీద గుర్తించింది 167 దేశాలకి చెందిన దాదాపు 49 వేల మంది. బోర్డు మీద మోకాళ్లు ముడుచుకుని కూర్చున్నది ఒక్క మనిషే. ఇప్పుడు ఇన్ని వేల మంది. యంత్రం మాత్రం తనంతట తానే నేర్చుకుందంటారు.

నేర్పేది ఎవరి ఫొటోలతో అన్నదీ చిన్న విషయం కాదు. 2018లో జాయ్ బుయొలంవీని, టిమ్నిట్ గెబ్రూ అనే పరిశోధకులు ముఖం చూసి ఆడో మగో చెప్పే సాఫ్ట్‌వేర్లు మూడింటిని పరీక్షించారు. తెల్లటి మగవాళ్ల దగ్గర తప్పులు 0.8 శాతం దాటలేదు. నల్లటి ఆడవాళ్ల దగ్గర 34.7 శాతం దాకా వెళ్లాయి. యంత్రానికి ద్వేషం లేదు. దానికి చూపించిన ప్రపంచంలోనే వాళ్లు తక్కువ.

మొన్న మన సమావేశంలో మేడమ్ పాత గదిలోనే మమ్మల్ని కూర్చోబెట్టారు. సరిగ్గా యాభై మందిమి. చేతిలో వంద చాక్‌పీసులు. ప్రపంచ అసమానతల నివేదిక 2022 లెక్క ప్రకారం ప్రపంచ సంపదని మాకు పంచారు. ముందు బెంచీలో ఐదుగురికి 76 ముక్కలు. వాళ్ల చేతులు పట్టక ఒళ్లో పోసుకున్నారు. మధ్యలో ఇరవై మందికి 22. మా వెనక పాతికమందికి రెండు. రెండు చాక్‌పీసులు పట్టుకుని పాతికమందిమి ఒకరి మొహాలు ఒకరం చూసుకున్నాం. విరిచి పంచుకుందామని ఎవరో అన్నారు. విరిస్తే పొడే మిగిలింది.

అయ్యాక మేడమ్ నా దగ్గరికొచ్చి కూర్చున్నారు. గొడుగుల కథ మొత్తం చెప్పాను. ఆవిడ ఒక్కసారి కూడా మధ్యలో ఆపలేదు.

"చివరికి ఏమన్నారమ్మా? కలపమన్నారా, వద్దన్నారా?"

"కలపమన్నారు మేడమ్. నెల తర్వాత."

"ఎవరన్నారు?"

"తెలీదు మేడమ్. మెయిల్ వచ్చింది. కింద పేరు లేదు."

మేడమ్ బ్యాగులోంచి పాఠాల నోట్‌బుక్ తీసి, ఖాళీ పేజీలో తేదీ వేసి, "ఇంకోసారి మొదటి నుంచీ చెప్పు, నెమ్మదిగా" అన్నారు.