శెనక్కాయ విత్తనం లెక్క

పొద్దున్నంతా ఒక్క పేరా దగ్గరే ఆగిపోయాను. ఉమ్మడి అనంతపురం జిల్లాలో ఖరీఫ్ వేరుశనగ విత్తనం ప్రభుత్వం రైతులకు ఎలా అందించాలన్న నోట్ అది. ఎవరో ముందు రాసిన ముసాయిదాలో ఇలా ఉంది: "రైతులు కొత్త రకాలను ఆదరించడం లేదు." ఆ వాక్యం చూస్తే ఒళ్లు మండింది. కొట్టేశాను.

టీఎంవీ-2 అనే వేరుశనగ రకం 1940లో విడుదలైంది. 2005లో కదిరి-6, ఆ తర్వాత మరిన్ని మంచి రకాలు వచ్చినా అనంతపురం ఎర్రనేలల్లో పాతది దశాబ్దాల పాటు నిలిచింది. రైతుకు కొత్తదంటే భయం కాబట్టి అనడం తేలిక. అసలు చిక్కు విత్తనం పెరిగే తీరులో ఉంది. వేరుశనగలో వేసినదానికి మహా అయితే ఎనిమిది, పది రెట్లు వస్తుంది. 100 కిలోల బ్రీడర్ విత్తనం, అంటే పరిశోధన కేంద్రం ఇచ్చే మూల విత్తనం వేస్తే దాని తర్వాతి తరమైన ఫౌండేషన్ విత్తనం 800 కిలోలు, దాన్ని మళ్లీ వేస్తే రైతుకు అమ్మే సర్టిఫైడ్ విత్తనం ఆరు టన్నుల పైచిలుకు. ఎకరాకు సుమారు 80 కిలోల కాయలు కావాలి, అంటే రెండు పంటకాలాలు కష్టపడితే దక్కేది 80 ఎకరాల విత్తనం. అదే వరిలో అయితే ఈపాటికి వేల ఎకరాలు దాటిపోతుంది. ప్రైవేటు కంపెనీలు ఇటు తొంగిచూడకపోవడానికి ఇదే కారణం. పైగా రైతు తన కాయల్నే దాచుకుని మళ్లీ వేసుకోగలడు.

ఉద్యోగంలో చేరిన కొత్తలో నేనూ కొత్త రకాల కోసం మొక్కల్ని సంకరపరిచే మడుల్లోనే ఉండేదాన్ని. సాయంత్రం మొగ్గ విప్పి పట్టకారుతో కేసరాలు తీసేసి, మర్నాడు తెల్లారగానే పుప్పొడి అద్దేవాళ్లం. ఒక రకం బయటికి రావడానికి పదేళ్లు పైనే పట్టేది. ఇంత చేసిన రకం గోడౌన్ లేక, చేతిలో డబ్బు లేక ఊరి పొలిమేర దాటకపోతే ఎలా? పరిశోధన వదిలేశావేంటని స్నేహితులు ఇప్పటికీ అడుగుతారు. వదిలానని నాకెప్పుడూ అనిపించలేదు.

మధ్యాహ్నం కదిరి వైపు ఒక ఊరికి వెళ్లాం. బోరు కింద రబీలో పండించిన కాయల్ని విత్తనానికని దాచుకున్న ఒక అక్క ఇంటికి. గోనెసంచులను చెక్కలపై, గోడకు దూరంగా పేర్చింది. గుప్పెడు కాయలు తీసి చెవి దగ్గర ఊపి, గలగలమన్నాక వలిచింది. మొలక శాతం అడిగితే తడి గోనెపట్టా విప్పి చూపించింది. వంద గింజలు పరిచి చుట్టిందట, ఎనభై మూడు మొలిచాయి. సర్టిఫైడ్ విత్తనానికి కనీస ప్రమాణం 70 శాతమే!

"ఏం మేడం, ఈసారి గవర్నమెంటు కాయలు వానకు ముందొస్తాయా, ఎనకొస్తాయా?" అని అడిగింది.

ఎర్రనేలలో పదును, అంటే విత్తడానికి సరిపడే తడి, నాలుగు రోజులకు మించి నిలవదు. ఏడాదికి 550 మిల్లీమీటర్ల వాన కురిసే చోట ఆ పదును పోతే మళ్లీ ఎప్పుడొస్తుందో ఎవరూ చెప్పలేరు. బెట్టకు పంట పోయిన ఏడాది ఇంట్లో విత్తనం మిగలదు, మిగిలినదాన్ని అప్పు మింగేస్తుంది. సరిగ్గా అప్పుడే బయట కాయల ధర పెరుగుతుంది. సబ్సిడీ విత్తనం అవసరం ఆ ఏడాదే ఎక్కువ. ఆలస్యమైతే నష్టం కూడా ఆ ఏడాదే ఎక్కువ.

"వానకు ముందే రావాలక్కా, అదే రాస్తున్నా" అన్నాను.

రాత్రి కూర్చుని పేరా మళ్లీ రాశాను. రబీ కాయలు మార్చి, ఏప్రిల్‌లో ఇంటికొస్తాయి. అప్పుడే ఊళ్లోనే కొని, వారంలోపు డబ్బు ఖాతాలో వెయ్యాలి. ఆలస్యం చేస్తే మంచి విత్తనమంతా నూనె మిల్లుకు పోతుంది, అందులో రైతు తప్పేమీ లేదు. కొన్న కాయల్ని అదే మండలంలో నిల్వ ఉంచి, జూన్ మొదటి వారానికల్లా పంచాలి. అంత ముందే డబ్బు పెట్టి కొంటే వడ్డీ భారమని ఆర్థిక శాఖ వాళ్లు అంటారు, తెలుసు. ఒక్క అదును తప్పితే జిల్లాకు అయ్యే నష్టాన్ని దాని పక్కనే పెడతాను.

మండలాల వారీగా బోర్ల కింద రబీ వేరుశనగ విస్తీర్ణం ఇంకా రాలేదు. పొద్దున్నే వ్యవసాయాధికారులకు ఫోన్ చెయ్యాలి. ఆ అంకెలు చేతికొచ్చేదాకా నోట్ పైకి పంపను.