డ్రంక్ అండ్ డ్రైవ్ కేసు: ఆ అంకె ఎలా పడిందో ముందు చూడాలి

మెషిన్‌లో అంకె పడింది కదా, ఇక లాయరు చేసేదేముంది అనుకుని తప్పు ఒప్పేసుకునేవాళ్లు చాలామంది. ఆ అంకె ఎలా పడిందో చూడకుండా ఒప్పుకోవడం తొందరపాటే.

మంచి లాయరు మొదట రాయించుకునేది టైములు. చివరి పెగ్గు ఎన్నింటికి, ఏం తిన్నారు, బండి ఆపింది ఎన్నింటికి, ఊదించింది ఎన్నింటికి. తాగినది రక్తంలో పూర్తిగా ఎక్కడానికి సాధారణంగా అరగంట నుంచి గంటన్నర పడుతుంది. ఆ తర్వాత గంటకు, 100 మిల్లీలీటర్ల రక్తంలో సుమారు 15 మిల్లీగ్రాముల చొప్పున దిగుతుంది. అంటే తాగినది ఇంకా ఎక్కుతున్న దశలోనే ఊదించి ఉంటే, బండి ఆపిన గంటకు పరిమితి కాస్త దాటిన మనిషి, నడిపేటప్పుడు పరిమితిలోనే ఉండి ఉండొచ్చు. పరీక్షలో వచ్చిన అంకెనే చట్టం లెక్కలోకి తీసుకునే చోట మాత్రం ఈ వాదన నిలవదు.

సీసీ కెమెరా ఫుటేజీ కొన్నాళ్లకే చెరిగిపోతుంది. భద్రపరచమని రాతపూర్వకంగా కోరడం మొదటి వారంలోనే జరగాలి. లైసెన్సు సస్పెన్షన్ చాలాచోట్ల కోర్టు కేసుతో పనిలేకుండా విడిగా నడుస్తుంది, దాని గడువూ చిన్నదే. అది దాటిపోతే కేసు గెలిచినా ఈలోగా లైసెన్సు పోతుంది.

ఊదించే ముందు కనీసం 15 నిమిషాలు మనిషిని గమనిస్తూ ఉండాలన్నది చాలాచోట్ల పాటించే పద్ధతి. త్రేన్పు, వాంతి, మౌత్‌వాష్ వల్ల నోట్లో ఆల్కహాల్ మిగిలితే మెషిన్ దాన్నీ ఊపిరితిత్తుల నుంచి వచ్చినట్టే లెక్కేస్తుంది. అందుకే కాలిబ్రేషన్ (మెషిన్ సరిగ్గా కొలుస్తోందా అన్న తనిఖీ) రికార్డు, మెషిన్ సీరియల్ నంబరు, ఊదకముందు సున్నా చూపిందా, రెండుసార్లు ఊదిస్తే తేడా ఎంత అన్నవన్నీ కాగితం మీద చూడాలి.

రక్త పరీక్షలో తప్పులు ఇంకా లోతుగా ఉంటాయి. సూది గుచ్చేచోట స్పిరిట్ దూదితో తుడవకూడదు. సీసాలో సోడియం ఫ్లోరైడ్ (రక్తం పాడవకుండా కలిపే రసాయనం) సరిపడా లేకపోయినా, శాంపిల్ చల్లగా ఉంచకపోయినా, అందులో సూక్ష్మజీవులు చేరితే చక్కెర పులిసి ఆల్కహాల్ కొత్తగా పుట్టొచ్చు. సీలు ఎవరు వేశారు, ల్యాబుకు ఎవరు తీసుకెళ్లారు, మధ్యలో ఎక్కడుంది అన్న వరుసలో ఒక్క సంతకం లేకపోయినా అడగాల్సిందే. చాలామంది చూడనిది ఇంకోటి: ఆసుపత్రి రిపోర్టు తరచుగా సీరంలో, అంటే రక్తం గడ్డకట్టాక విడిపడే ద్రవంలో, కొలిచినదై ఉంటుంది. సీరంలో నీటి పాలు ఎక్కువ కాబట్టి అంకె సుమారు 15 శాతం పెరుగుతుంది. సీరంలో 92 మిల్లీగ్రాములు అంటే రక్తంలో దాదాపు 80 అన్నమాట. పరిమితి 80 ఉన్నచోట ఈ తేడాతోనే కేసు తారుమారవుతుంది.

ఇవన్నీ సరిగ్గానే ఉంటే ఆ మాట క్లయింటుకు దాచకుండా చెప్పాలి. అప్పుడు పని శిక్ష తగ్గించడం. ముందే ఒప్పుకోవడం, వ్యసనం ఉంటే చికిత్సలో చేరడం, పాత కేసులు లేవని చూపడం, ఉద్యోగానికి బండి ఎంత అవసరమో పత్రాలు పెట్టడం. చికిత్సలో చేరిన కాగితం శిక్ష ఖరారయ్యే వాయిదాకు ముందు తేదీతో ఉంటేనే బరువు.