మా పాప వయసు ఐదా, యాభై ఐదా?

మొన్న మంగళవారం పాపకి ఎముకలు దిట్టపడే ఇంజెక్షన్ రెండో డోసు పడింది. రెండు రాత్రులు గడిచాయి, జ్వరం రాలేదు. దాని పక్కన కూర్చుని ఇది రాస్తున్నా. ఎవరికైనా పనికొస్తే మంచిదే, లేకపోతే నా కడుపుమంటైనా చల్లారుతుంది.

పాపకి ఐదేళ్లు. మూడు ఎముకలు విరిగాక గానీ మాకు సంగతి తెలియలేదు. మొదటిసారి మంచం దిగుతూ, రెండోసారి బాత్‌రూమ్‌లో జారి. మూడోసారి అసలు పడనే లేదు, కూర్చున్నచోట నుంచి లేవబోతే తొడ ఎముక విరిగింది. గుంటూరులో ఇద్దరు డాక్టర్లు కాల్షియం తక్కువ, పాలు బాగా తాగించండి అన్నారు. పుత్తూరు కట్టు కట్టిద్దాం అన్నారు మా మామగారు. విజయవాడ సూర్యారావుపేటలో చూపిస్తే, అక్కడి పిల్లల ఎముకల డాక్టరుగారు ఎక్స్‌రే చూడకముందే పాప కింది రెప్ప లాగి చూశారు. కంట్లో తెల్లగా ఉండాల్సిన చోట లేత నీలంగా ఉంది. పుట్టినప్పటి నుంచీ ఆ నీలాన్ని చూసే మేం "ఎంత అందమైన కళ్లో" అని మురిసిపోయాం.

ఆస్టియోజెనెసిస్ ఇంపర్ఫెక్టా అన్నారు. జన్యువులో తేడా వల్ల, ఎముకకి పట్టునిచ్చే కొలాజెన్ అనే ప్రోటీను సరిగా తయారవ్వదట. "స్లాబులో సిమెంటు ఉంది, ఊచలే నాసిరకం. ఎన్ని పాలు పోసినా ఊచలు మారవు" అన్నారు. ఇంజెక్షన్ కూడా జబ్బుని తీసెయ్యదు. మన ఒంట్లో ఎముక ఒకపక్క కడుతూ, ఇంకోపక్క అరుగుతూ ఉంటుందట. అరగదీసే కణాల జోరుని ఈ మందు తగ్గిస్తుంది, దాంతో ఉన్న ఎముకే కాస్త దిట్టమవుతుంది. మందు పేరు జోలెడ్రోనిక్ యాసిడ్. ఆరు నెలలకోసారి సెలైన్‌లో కలిపి ఎక్కిస్తారు, ముప్పావుగంట పని.

రక్తపరీక్షలు, విటమిన్ డి, కిడ్నీ, పళ్ల డాక్టరు, అన్నీ రెండు రోజుల్లో అయిపోయాయి.

ఇక ఇన్సూరెన్సు.

నేను మిర్చి కోల్డ్ స్టోరేజీలో లెక్కలు చూస్తా. బస్తాకి పావుకిలో తేడా వచ్చినా పట్టేస్తానని యార్డులో నాకు పేరుంది. మా యజమాని కుటుంబాలకి కూడా పాలసీ కట్టాడు. రూపాయి వదలకూడదని దరఖాస్తు పెట్టా. నాలుగో రోజు జవాబు: "రోగి వయసు సరిచూసి పంపగలరు." చూశా, 5 అని సరిగ్గానే ఉంది. ఫోన్ చేస్తే అమ్మాయి ఎంతో మర్యాదగా అడిగింది, "సార్, 55 బదులు 5 పడిందేమో?" జనన ధ్రువపత్రం పంపా. మరో వారానికి ఇంకో ప్రశ్న: ఈ మందు పెద్దవయసు ఆడవాళ్లకి ఎముకలు గుల్లబారితే ఇచ్చేది, చిన్నపిల్లకి ఎందుకు? డాక్టరుగారి ఉత్తరం పంపా. 2021 జాతీయ అరుదైన వ్యాధుల విధానంలో ఈ జబ్బు పేరు, పక్కనే ఈ రకం మందుల పేరు ఉన్నాయి. ఆ పేజీ ప్రింటు తీసి ఎర్రపెన్నుతో గీతగీసి మరీ పంపా. అది ప్రభుత్వ కేంద్రాల్లో వైద్యానికట, ప్రైవేటు పాలసీకి దానితో పని లేదట. అప్పటికి పద్దెనిమిది రోజులు.

చివరికి అసలు మాట చెప్పారు. 24 గంటలు అడ్మిట్ అయితేనే క్లెయిము. "ఫ్రాక్చర్ అయి ఆపరేషన్ చేస్తే వస్తుంది సార్. ఫ్రాక్చర్ కాకుండా ఇచ్చేదానికి రాదు."

అంటే విరగ్గొట్టుకుని రమ్మనేగా! అరిచా. "మీ ఇబ్బంది అర్థమైంది సార్" అని ఆ అమ్మాయి ఏడుసార్లు అంది, లెక్కపెట్టా.

ఆ రాత్రి నాకో తెలివి పుట్టింది. డాక్టరుగారు మొదట్లో పామిడ్రోనేట్ అని పాత మందు సంగతి కూడా చెప్పారు. 1998లో కెనడాలోని మాంట్రియల్ డాక్టర్లు ఈ జబ్బున్న పిల్లలకి ఇచ్చి బాగా పనిచేస్తోందని చూపించింది అదేనట. దాన్ని వరసగా మూడు రోజులు ఎక్కించాలి, కొన్ని నెలలకోసారి మళ్లీ. మూడు రోజులంటే అడ్మిషనేగా! పొద్దున్నే కారు మాట్లాడుకుని, మా ఆవిణ్ణి, పాపని తీసుకుని బయల్దేరా. ఓపీలో పదిమంది ముందు, ఏదో కనిపెట్టినవాడిలా చెప్పా. డాక్టరుగారు కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టారు.

"మీ క్లెయిము కోసం పాప చేతికి మూడు రోజులు సూది ఉంచమంటారా?"

గొంతు పెంచలేదు. పెంచినా బాగుండేది. తలుపు దగ్గర కాంపౌండరు తల దించుకుని నవ్వుకున్నాడు. పక్క కుర్చీలో ఎవరో పెద్దావిడ "అయ్యో, తండ్రేనా?" అంది. నేను ఫైలు సర్దుకుంటున్నట్టు నటించా. కాగితాలు కిందపడితే పాపే ఒడిలోంచి వంగబోయింది, మా ఆవిడ పట్టుకుంది.

తిరుగుదారిలో కాజ టోల్‌గేట్ దాకా ఎవరం మాట్లాడలేదు. అక్కడ మా ఆవిడ అడిగింది, "ఏవండీ, అసలు ఆ మందు ఎంతో కనుక్కున్నారా?"

కనుక్కోలేదు. పావుకిలో తేడా పట్టేవాణ్ణి, ధర అడగలేదు. విదేశీ జబ్బు, విదేశీ పేరు, లక్షల్లోనే ఉంటుందని నాకు నేనే అనేసుకున్నా. మందులషాపుకి ఫోన్ చేస్తే, నాలుగుసార్లు కారు మాట్లాడుకుని తిరిగినదాంట్లో సగం కూడా లేదు. ఆస్పత్రిలో బెడ్డు ఖర్చు మందు కంటే ఎక్కువైంది. నా పంతానికి మూడు వారాలు పోయాయి. ఆ మూడు వారాల్లో ఇంకో ఎముక విరిగి ఉంటే మా ఆవిడకి నేను ఏం చెప్పేవాణ్ణో తెలియదు. ఆవిడ ఇప్పటిదాకా ఆ మాట అనలేదు, అనకపోవడమే ఎక్కువ గుచ్చుకుంటోంది.

మొదటి డోసు రోజు సీసాలో ఉన్నది నాలుగు మిల్లీగ్రాములు. పాప బరువు 14 కిలోలు, మొదటిసారి సగం డోసే కాబట్టి కావాల్సింది 0.35 మిల్లీగ్రామే. అర మిల్లీలీటరు కూడా లేదు, సిరంజి అడుగున కనపడీ కనపడనట్టు ఉంది. మిగతాది పారబోశారు. బీపీ పట్టీ బిగించబోతే, ఆ ఒత్తిడికి ఎముక ఎక్కడ విరుగుతుందోనని మా ఆవిడ నర్సు చెయ్యి పట్టుకుని ఆపింది. మీరూ ఆపండి, మొహమాటపడకండి. చంకలు పట్టి ఎత్తనివ్వద్దు, వీపు కింద, పిర్రల కింద అరచేతులు పెట్టి ఎత్తమనండి. బడిలో ఆయాలకీ ఇదే చెప్పాలి, ఒక్కసారి చెబితే వినరు.

ఆ రాత్రి 102 జ్వరం, ఒళ్లంతా నొప్పులని ఏడుపు. మొదటి డోసుకి చాలామందికి వస్తుందని, పారాసిటమాల్ వెయ్యమని కాగితంలో రాసే ఉంది. అయినా రాత్రి రెండింటికి డాక్టరుగారికి ఫోన్ కొట్టా. తిట్టలేదు. మూతి చుట్టూ, వేళ్ల చివర తిమ్మిరి ఉందా అని అడిగారు, కాల్షియం పడిపోతే అలా ఉంటుందట. లేదు. మూడోరోజుకి ఇడ్లీ కావాలని గోల చేసింది.

ఈ ఆరు నెలల్లో ఏదీ విరగలేదు. నడుం నొప్పి అనడం మానేసింది. మంగళవారం తీసిన ఎక్స్‌రేలో మోకాలి దగ్గర అడ్డంగా సన్నటి తెల్లగీత ఉంది. ఎముక ఎదుగుతుంటే ఒక్కో డోసు గుర్తుగా ఒక్కో గీత మిగులుతుందట. పాపకి చూపిస్తే, "ఇంకోటి ఎప్పుడు గీస్తారు?" అంది. ఇప్పుడే గీశారమ్మా, వచ్చేసారి ఫొటోలో కనపడుతుంది అన్నా.